వచ్చీసింది అంటే, ఎక్కడికి?

వెల్డింగు రాడ్డు ఎలా తయారవుతుందని ఎవరైనా అడిగితే నేను జంతికల గొట్టం గురించి చెప్పేదాన్ని. నాలుగైదు రకాల పొడులు కలిపి, జిగురు పోసి, పిండిలా పిసికి గొట్టంలో పెట్టి ఒత్తితే, మధ్యలోంచి దూసుకొచ్చే ఇనుప పుల్ల చుట్టూ ఆ పిండి పట్టుకుంటుంది. తర్వాత దాన్ని పొయ్యిలో ఎండబెట్టి అట్టపెట్టెల్లో సర్ది లారీకెక్కిస్తారు. గాజువాక దాటాక ఉన్న మా ఫ్యాక్టరీలో జరిగేదంతా ఇంతే. ఈ ‘ఇంతే’ అన్నదాన్ని కంప్యూటరుకి అర్థమయ్యేలా పెట్టమన్నప్పుడు మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. ద్వారకానగర్లో కంప్యూటరు కోర్సు పూర్తిచేసి ఆ ఫ్యాక్టరీ ప్లానింగు సెక్షన్లో చేరాను. ఖాళీ ఉందని కబురు తెచ్చింది మా బావ. బావంటే మా అక్క భర్త. అదే ఫ్యాక్టరీలో స్టోర్స్ అంతా ఆయన చేతిలో ఉండేది. మాది విజయనగరం వైపు వ్యవసాయ కుటుంబం. ఊరు వదిలి వచ్చాక నేను కూర్మన్నపాలెంలో అక్కావాళ్ళింట్లోనే ఉండేదాన్ని. పొద్దున్నే బావ స్కూటరు మీద ఇద్దరం బయల్దేరేవాళ్ళం. దారి పొడవునా నన్ను ఏడిపించడం ఆయనకి సరదా. నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. గేటు దగ్గర దిగేసరికి రోజూ ఏదో ఒక తగువు అయ్యేది.

మా మేనేజరు విజయవాడ వైపు మనిషి. చెడ్డవాడు కాదు గానీ తొందరెక్కువ. ఒకరోజు నన్ను పిలిచి, "చూడమ్మా, సరుకు లేదని మిషను ఆగాక పరుగులు పెట్టడం నావల్ల కాదు. వచ్చే వారం ఏం తయారు చేయాలి, దానికేం కావాలి, అది మన దగ్గరుందా, తెప్పించాలా, ఇదంతా ముందే కంప్యూటరు చెప్పాలి. దానికొక డేటా మోడల్ తయారు చెయ్యి. సింపుల్‌గా ఉండాలి," అన్నాడు.

సింపులట! చెయ్యమనేవాళ్ళకేం, ఎన్నైనా చెబుతారు. అయినా నాకు సరదాగానే ఉండేది. మొదట వస్తువులన్నిటికీ పేర్లు పెట్టాలి. ఏ రాడ్డులో ఏ పొడి ఎంత పడుతుందో, వంటకి దినుసులు చెప్పినట్టు చెప్పాలి. ఏ మిషను మీద ముందు, ఏ మిషను మీద తర్వాత, ఒక్కోదాని దగ్గర ఎంతసేపు, కొనమని చెప్పిన సరుకు చేతికి రావడానికి ఎంత కాలం పడుతుంది, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపెట్టాలి. ముడి సరిగ్గా పడితే, ఒక మూల ఆర్డరు అంకె మార్చగానే ఇంకో మూల కావలసిన పొడి అంకె దానంతటదే మారుతుంది. అది మొదటిసారి మారినప్పుడు నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. పక్క టేబులాయన ఉలిక్కిపడి టీ మీద పోసుకున్నాడు.

పేర్ల దగ్గర బావతో పెద్ద గొడవ. స్టోర్స్‌లో తెల్ల పొడి, మెరుపు పొడి, బరువు పొడి. గేటు దగ్గరైతే అన్నీ ఉత్త పొడే.

"ఇలాగైతే కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది బావా? దేని పేరు దానికి ఉండాలి," అంటే, "నీ కంప్యూటరుకి తెలీకపోతే నానేటి సేత్తాను పిల్లా, స్టోర్సుకి రమ్మను, సేత్తో ముట్టుకుని సూసుకోమను," అనేవాడు.

ఈ పొడుల్లో ముఖ్యమైనది రూటైల్. చూడ్డానికి ఎర్రనల్లటి ఇసకలా ఉంటుంది. మాకు కావలసిన రకం ఓడలో పైదేశం నుంచి వచ్చేది. సముద్రం పక్కనే ఉండి ఇసక ఓడలో తెప్పించుకుంటారేటే అని మా అక్క పడీపడీ నవ్వేది. అది లేకపోతే మాకు రాడ్డే లేదు. అందుకని నా మోడల్లో దానికి అందరికంటే ముందు చోటిచ్చాను. ప్రతి సరుకుకీ మూడే గడులు ఉండాలని మేనేజరు పట్టుబట్టాడు. కావలసింది, వచ్చింది, వాడింది. అంతకంటే ఎక్కువైతే ఎవరూ నింపరన్నాడు. ఆ మాటా నిజమే.

ఆ నెల రూటైల్ రెండు లోడ్లు రావాలి. మొదటిది వచ్చింది, వాడకం మొదలైంది. రెండోదాని గురించి ఒక మధ్యాహ్నం కొనుగోళ్ళు చూసే ఆఫీసరు మా సెక్షనుకి ఫోన్ చేశాడు. ఆయనది భీమిలి వైపు. "అమ్మా, రెండో లోడు వచ్చీసింది, రాసీసుకో," అన్నాడు. ‘వచ్చింది’ గడిలో అంకె వేశాను. కంప్యూటరు చకచకా లెక్క కట్టి, నెలాఖరుదాకా దిగుల్లేదంది. మేనేజరు ఆ కాగితం చూసి మురిసిపోయి, ఒక పెద్ద ఆర్డరు ఒప్పుకున్నాడు.

పది రోజులు గడవకముందే మిషను దగ్గర్నుంచి కబురు. రూటైల్ అయిపోవచ్చింది, పంపమని. బావ స్టోర్స్‌లో అడుగూబొడుగూ ఊడ్చి ఇచ్చి, ఇక లేదన్నాడు.

లేకపోవడమేమిటి? కంప్యూటర్లో లారీడు సరుకుంది!

మేనేజరు గదిలోకి ఇద్దర్నీ పిలిచారు. నా చేతిలో నా కాగితం, ఎదురుగా మా బావ. 

"రెండో లోడు వచ్చిందా, లేదా?" అని అడిగాడు మేనేజరు.

"వచ్చీసింది సార్," అన్నాడు బావ.

"మరి ఇవ్వరే?"

"ఇంకా రాలేదు గదా సార్."

మేనేజరు మొహం కందగడ్డలా అయింది. "వచ్చేసిందంటారు, రాలేదంటారు. నన్నేమన్నా వెర్రివాణ్ణి చేస్తున్నారా? ఒక్క మాట మీద నిలబడండి. వచ్చిందా?"

"వచ్చీసిందనే అన్నారు సార్... మరి నాకు..." అని బావ నీళ్ళు నమిలాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, గట్టిగా అరిస్తే మాత్రం నోరు పడిపోయేది. మేనేజరు గేటు పుస్తకం తెప్పించాడు. అందులో, రెండో లోడు వచ్చిందన్న వారంలోనే ‘పొడి లారీ, లోపలికి’ అని ఉంది. ఇంకేం కావాలి? కొనుగోళ్ళాయన వచ్చిందన్నాడు, గేటువాడు లోపలికి పోయిందన్నాడు, కంప్యూటరు ఉందంటోంది, తాళాలు చూస్తే బావ దగ్గర. సరుకు మాత్రం లేదు.

"తాళాలు ఇక్కడ పెట్టండి," అన్నాడు మేనేజరు. "శనివారం ఓనరుగారు వస్తున్నారు. ఈలోగా ఎక్కడుందో చెప్పారా సరే. లేకపోతే పోలీసులకి ఇవ్వక తప్పదు. నా చేతుల్లో లేదు."

బావ నడుముకున్న గుత్తి విప్పి టేబులు మీద పెట్టాడు. నా వైపు చూడలేదు. చూస్తే నేనేం సమాధానం చెప్పేదాన్ని? నేను తయారుచేసినదే మా బావని దొంగ అంటోంది. ఆ కాగితం చింపి పారెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు. చింపినంత మాత్రాన సరుకు రాదుగదా అని బిగబట్టుకుని బయటికొచ్చాను.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అక్క కంచాలు పెట్టింది, తీసింది. బావ గుమ్మంలో కూచుని వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు నేనొక్కదాన్నే బస్సులో ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఆయన మాత్రం, పూర్ణా మార్కెట్లో కిరాణా హోల్‌సేల్ కొట్లో పనిచేసే స్నేహితుడి దగ్గరికి, ఏదైనా పని దొరుకుతుందేమో అడగడానికి వెళ్ళాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు మరి.

సాయంత్రం నేనిల్లు చేరేసరికి అక్క అన్నం వండి ఎదురుచూస్తోంది. వీధి చివర బూతు నుంచి ఆ కొట్టుకి ఫోన్ చేసొచ్చిందట. "వచ్చీసాను అన్నాడే. నువ్వు కూకో," అంది. కూచున్నాను. అన్నం చల్లారింది. చారు మళ్ళీ వేడి చేసింది. బావ జాడ లేదు. అసలే మనిషి మనసు బాగాలేదు, దారిలో ఏమైనా అయిందేమోనని నాలుగుసార్లు గుమ్మంలోకి వెళ్ళి చూశాను.

"అక్కా, వచ్చీసాను అన్నాడన్నావు, ఏడీ?" అని కసురుకున్నాను.

అక్క నా వైపు వింతగా చూసింది. "ఓలమ్మా, కొత్తదానిలా అడుగుతున్నావేటే? మీ బావ వచ్చీసాను అన్నాడంటే ఇంకా కొట్లోనే ఉన్నాడని. ఇప్పుడు లేస్తాడు, సెప్పులు ఏసుకుంటాడు, ఆలకీ ఈలకీ సెప్తాడు, అప్పుడు స్కూటరు తీస్తాడు."

"మరి వచ్చీసాను అనడమెందుకు?"

"రావాలనుకున్నాడు గదా. అంటే వచ్చీసినట్టే గదా," అంది అక్క.

 నేనూ అదే మాట రోజుకి ఎన్నిసార్లు అంటానో! జడ వేసుకుంటూ అంటాను, జోళ్ళు వెతుక్కుంటూ అంటాను. మా వైపు అందరం అంటాం. ఎవరూ ఎవర్నీ అబద్ధమాడావని అనుకోరు. వినేవాళ్ళు ఎంత దూరం కలుపుకోవాలో అంతా కలుపుకుంటారు. నా కంప్యూటరు కలుపుకోలేదు. దానికి చెప్పినవాళ్ళెవరు గనక? రూటైల్ వచ్చీసింది సరే, ఎక్కడికి? ఆ ఒక్క మాట ఎవరూ ఎవర్నీ అడగలేదని అప్పుడు తట్టింది.

పొద్దున్నే కొనుగోళ్ళ ఆఫీసరు టేబులు ముందు నిలబడ్డాను. "సార్, రెండో లోడు వచ్చీసిందన్నారు. ఎక్కడికండీ?"

"ఎక్కడికేటమ్మా? పేపర్లు బ్యాంకుకి వచ్చీసాయి. నాను ఇడిపించీసి ఏజెంటుకి పంపించీసాను. నా పని అయిపోయింది," అన్నాడాయన ఫైలులోంచి తల ఎత్తకుండా. ఆయన దృష్టిలో సరుకంటే సరుకు తాలూకు కాగితాలు.

"మరి సరుకో?"

"ఏజెంటు దగ్గర కుర్రోడు వచ్చీసిందన్నాడే!"

ఆ ఫోనే తీసుకుని, పోర్టులో సరుకు విడిపించే ఏజెంటు ఆఫీసుకి కలిపాను. అక్కడి గుమస్తా గొంతు హుషారుగా ఉంది. "మీ రూటైలా అమ్మా? వచ్చీసింది."

"ఎక్కడికండీ?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

"ఎక్కడికంటే... వైజాగే గదా," అని నవ్వాడు. "ఓడ వచ్చీసిందమ్మా. బయట లంగరేసి ఉన్నాది. రేవులో బెర్తు ఖాళీ లేదు మరి, వరసలో ఉన్నాది. బీచ్ రోడ్డుకి ఎల్లి నిలబడితే కనపడతాది, సూసుకో."

ఫోన్ పెట్టేసి నవ్వాను. నవ్వుతూనే కళ్ళనీళ్ళు. ఊరు ఊరంతా సాయంత్రం పూట ముంతమసాలా తింటూ చూసే ఓడల్లో ఉందన్నమాట, మా బావ కాజేసిన లోడు! కొనుగోళ్ళాయన హడలిపోయి "ఏటైందమ్మా? మంచినీళ్ళు తాగుతావా?" అని లేచి నిలబడ్డాడు.

గేటుకి కూడా వెళ్ళొచ్చాను. ఆ వారం లోపలికి పోయిన పొడి లారీ సున్నపురాయి పొడిది. దాని బస్తాలు స్టోర్స్‌లో ఒక్కటీ తగ్గకుండా ఉన్నాయి. గేటువాణ్ణి తిట్టాలనిపించింది గానీ, ఆ సంతోషంలో తిట్టు నోటికి రాలేదు.

మేనేజరు గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్ళాను. విషయం చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "వచ్చిందని రాసింది మీరే కదమ్మా," అన్నాడు.

"రాశానండీ. ఎక్కడికో రాయడానికి చోటేదీ? మూడే గడులన్నారు." నా నోరు ఊరుకోదు.

ఆయన ఏజెంటుకి తనే ఫోన్ చేశాడు. అవతల ఆ హుషారు గుమస్తా మళ్ళీ మొదట్నుంచీ చెప్పినట్టున్నాడు. మేనేజరు ‘ఊఁ, ఊఁ’ అంటూ విని, ఓడ పేరు, వరసలో ఎన్నోదో రాసుకుని, ఫోన్ పెట్టి కళ్ళజోడు తీశాడు. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేస్తే నేనూ అదే అంటానమ్మా. వచ్చేశానని. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చునే అంటాను," అన్నాడు.

సొరుగులోంచి తాళాలు తీశాడు. "మీ బావగారిని పిలిపించండి. వద్దు, నేనే ఫోన్ చేస్తాను. ఇంటి దగ్గర ఫోనుందా?"

లేదని, పక్కింటివాళ్ళ నంబరిచ్చాను. ఆ పక్కింటావిడ గోడ మీంచి అక్కని కేకేసి ఉంటుంది, అక్క బావని లేపి ఉంటుంది. ఈసారి మా బావ నిజంగానే వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని మరీ వచ్చాడు. మేనేజరు లేచి నిలబడి తాళాలు ఆయన చేతిలో పెట్టి, "తొందరపడ్డాను, ఏమీ అనుకోవద్దండీ," అన్నాడు. బావ "పర్లేదు సార్, పర్లేదు సార్" అని పదిసార్లు అన్నాడు. అబ్బ, ఆ గదిలోంచి బయటపడ్డాక చూడాలి, ఊపిరంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

పెద్ద ఆర్డరు కొంచెం ఆలస్యమైంది. కొన్నవాళ్ళకి మేనేజరే సర్దిచెప్పుకున్నాడు. మిషను రెండు రోజులు ఊరికే ఉంటే, కుర్రాళ్ళు దాని పక్కన కూచుని కబుర్లు చెప్పుకున్నారు. నేను ఆ ‘వచ్చింది’ గడి పీకి పారేశాను. దాని బదులు, ఏ సరుకైనా సరే, ఏది, ఎక్కడ, ఎంత అని మూడు మాటలు పెట్టాను. ఎక్కడ అన్నదానికి మళ్ళీ చోట్లు: ఓడలో, పోర్టులో, దారిలో, గేటు దగ్గర, పరీక్షలో, స్టోర్స్‌లో. ఒక చోట తగ్గకుండా ఇంకో చోట పెరగడానికి వీల్లేదు. స్టోర్స్‌లో చేరినదాన్నే ఇవాళ్టి ఉత్పత్తికి లెక్క కడుతుంది, మిగతాదాన్ని రాబోయేదిగానే చూస్తుంది. ఇది అయ్యాక మోడల్ నిజంగా పనిచెయ్యడం మొదలైంది. తర్వాత ఉద్యోగాలు మారి, మధురవాడలో అద్దాల ఆఫీసుల్లో కూచుని ఇంతకంటే పెద్దవి చాలా చేశాను. దేనికీ ఇంత సంబరపడలేదు.

తాళాలు తిరిగొచ్చిన రోజు సాయంత్రానికే కొత్త మోడల్ ఒక రూపుకొస్తే, బావ మా సెక్షనుకి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, "నాది ఒకసారి సూపించు పిల్లా," అన్నాడు.

చూపించాను. రూటైల్, ఓడలో: ఒక లోడు. పోర్టులో ఏమీ లేదు, దారిలో లేదు, గేటు దగ్గర లేదు. స్టోర్స్: సున్నా.

"ఇది నాదేనా?" అని తెర మీద ఆ సున్నా పక్కన వేలు పెట్టాడు.

"నీదే బావా."

"ఒక కాగితం తీసియ్యి. మీ అక్కకి సూపిత్తాను."

తీసిచ్చాను. దాన్ని మడత పెట్టకుండా చేత్తో పట్టుకుని స్కూటరు వెనక కూచోమన్నాడు. ఇల్లు చేరేదాకా గాలికి అది రెపరెపలాడుతూనే ఉంది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సున్నా అంటే ఏటీ లేనట్టే గదా? దీనికింత సంబరమేటి?" అంది. నేను విడమరిచి చెప్పాను. ఓడ సంగతి, బ్యాంకు కాగితాల సంగతి, సున్నపురాయి పొడి సంగతి, అంతా. వింటూ వింటూ అక్క నేల మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

"నాను... నువ్వు మార్కెట్‌కి ఎల్లినప్పుడు... మంచం కింద సూసీసినాను," అంది.

బావకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పగలబడి నవ్వాడు. "మంచం కిందేటే! లారీ లోడే అది! లారీ లోడు మంచం కింద పెడతానేటి?" నేనూ నవ్వాను, ఏడుస్తున్న అక్క కూడా నవ్వింది. ముగ్గురం ఆపుకోలేకపోయాం. అక్క "నన్ను సెప్పుతో కొట్టు" అంటోంది, మళ్ళీ నవ్వుతోంది.

నవ్వి నవ్వి బావ కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉండిపోయాడు. తర్వాత అక్క పక్కనే నేల మీద కూచుని, ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని అన్నాడు.

"నిన్ను అనేది ఏటీ లేదే. తాళాలు అడిగీముందు నాను కూడా స్టోర్సంతా ఎతికీసినాను. అందరూ వచ్చీసింది, వచ్చీసింది అంటంటే, ఏమో, నానే ఎక్కడో తీసీసినానేమో అనుకున్నాను."